వీడియో కోడలికే కాదు, అత్తగారికీ పంపండి

ప్రశ్న: బాలింతల వాట్సాప్ గ్రూపులో పోషకాహార వీడియోలు పెడుతున్నాను. చూస్తున్నారే తప్ప పాటించడం లేదు. ఏం చేయాలి?
– ఓ అంగన్‌వాడీ టీచర్

జవాబు: వీడియో చూసేది కోడలు, వంటింట్లో మాట చెల్లేది అత్తగారిది. గ్రూపులో ఆవిడనూ చేర్చండి. నిమిషం వీడియో, అందులో ఒక్కటే విషయం. పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకు దాదాపు 600 కిలోక్యాలరీలు అదనంగా కావాలంటే ఎవరికీ తలకెక్కదు. మామూలు భోజనానికి తోడు గుడ్డు, గుప్పెడు వేరుశనగలు, మరో రెండు గరిటెల పప్పన్నం కంచంలో పెట్టి చూపించండి. పథ్యమంటూ కారప్పొడి అన్నంతో సరిపెట్టే ఇళ్లకు మునగాకు పప్పు వండి చూపండి. దించాక నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అంతగా ఒంటబట్టదు. వండినవాళ్లను ఫొటో పెట్టమనండి. పక్కింటివాళ్లు వండారంటే మిగతావాళ్లూ ముందుకొస్తారు.