మీ కుక్క చేత బొమ్మ వేయించడం ఎలా?

జూలో పులికి వేట ఉండదు, వెతుకులాట ఉండదు. మాంసం వేళకి వచ్చి ముందు పడుతుంది. ఆ విసుగు పోగొట్టడానికి సిబ్బంది కొత్త వాసనలు చూపిస్తారు, తిండి దాచిపెడతారు, ఆడుకోవడానికి ఏదో ఒకటి ఇస్తారు. దీన్నే ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. కొన్ని దేశాల జూలలో రంగులు కూడా ఇందులో చేరాయి. అలా జంతువులు వేసిన బొమ్మలు అమ్మి, ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకు వాడతారు. ఇదే పని ఇంట్లో కుక్కతోనూ చేయించవచ్చు.

మందపాటి డ్రాయింగ్ షీటు, అది పట్టేంత జిప్‌లాక్ కవరు, పిల్లలు వాడే విషం లేని పోస్టర్ కలర్లు, టేపు, కాస్త గట్టి పెరుగు సిద్ధం చేసుకోండి. ఆయిల్ పెయింట్లు వద్దు. పెరుగు బదులు పీనట్ బటర్ వాడేట్టయితే సీసా మీద రాసింది చదవండి. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే పక్కన పెట్టేయండి, అది కుక్కల ప్రాణం తీస్తుంది.

షీటు మీద అక్కడక్కడ శనగగింజంత రంగు చుక్కలు పెట్టండి. రెండు రంగులు చాలు. ఎరుపు, పసుపు పక్కపక్కన ఉంటే కలిసినా నారింజ వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే మాత్రం మిగిలేది బురద రంగే. షీటును కవరులోకి దూర్చి, గాలి తీసి, జిప్ మూసి, దాని మీద టేపు వేయండి. కవరు నాలుగు మూలలూ నేలకు అంటించి, పైన పెరుగు పలచగా పూయండి.

ఇక కుక్కను వదలండి. నాలుక ఒత్తిడికి లోపల పసుపు చుక్క సాగి సాగి ఎరుపులోకి జారుతుంది. మూలన మిగిలిన పెరుగు కోసం ముక్కుతో నెట్టిన చోట మందంగా ఒక చార పడుతుంది. రంగు ఒంటికి అంటదు. మీరు మాత్రం పక్కనుంచి లేవకండి, కవరు కొరకబోతే వెంటనే తీసేయండి.

కుక్క మధ్యలో లేచి వెళ్లిపోతే బొమ్మ అయిపోయినట్టే. పిలవొద్దు, మెడ వంచి మళ్లీ కూర్చోబెట్టొద్దు. 1950లలో లండన్ జూలో కాంగో అనే చింపాంజీ చేత బొమ్మలు వేయించిన డెస్మండ్ మోరిస్ ఒక ముచ్చట రాశారు. బొమ్మకింత అని తిండి ఇవ్వడం మొదలుపెట్టాక, ఒక వానరం ఏదో గీత గీకి పారేసి చెయ్యి చాచిందట. మన దగ్గర పెరుగు జీతం కాదు, ఆటే అది. ఇది కళేనా అంటారా? కాదనే నా అభిప్రాయం. కుక్కకు మాత్రం కాసేపు మంచి కాలక్షేపం.

కవరు తుడిచి, షీటు మెల్లగా లాగి, నీడలో ఆరబెట్టండి. వెనక కుక్క పేరు, తేదీ రాయండి. అపార్ట్‌మెంట్ వేడుకల్లో అమ్మి, వచ్చిన డబ్బు వీధికుక్కల రేబిస్ టీకాలకో, హైదరాబాద్ నెహ్రూ జూ వారి జంతువుల దత్తత పథకానికో ఇవ్వొచ్చు. కాంగో బొమ్మలు మూడు 2005లో లండన్ వేలంలో 14,400 పౌండ్లు పలికాయి. మీరు వంద రూపాయల దగ్గర మొదలుపెట్టండి.

జంతువులు వేసిన బొమ్మ కొనేటప్పుడు కూడా ఇదే లెక్క, బలవంతం ఉండకూడదు. థాయ్‌లాండ్‌లో 1989లో అడవుల్లో కలప కొట్టడం నిషేధించాక, పని పోయిన ఏనుగులు ఎన్నో పర్యాటకుల ముందుకు వచ్చాయి. వాటిలో కొన్ని తొండంతో కుంచె పట్టి చక్కటి పువ్వులు గీస్తాయి. ఆ ప్రదర్శన చూసిన మోరిస్, మావటి చెవి పట్టి లాగుతూ గీత గీతకూ దారి చూపిస్తున్నాడని, ఒక్కో ఏనుగూ ఎప్పుడూ అదే బొమ్మ వేస్తుందని రాశారు. థాయ్‌లాండ్‌లోని పట్టాయా వెళ్లే మనవాళ్లు తక్కువేం కాదు. ఈసారి వెళ్తే కాన్వాస్ వైపు కాదు, ఏనుగు చెవి దగ్గర చెయ్యి వైపు చూడండి. ఆ చెయ్యి కదులుతుంటే ఆ బొమ్మ కొనకండి.