వ్యాపారము: ఒంటరిగానా, భాగస్వామితోనా?

గ్రామములో పిండిమర పెట్టదలచినవారు పంచాయతీ సభ్యుల సలహా కోరుట పరిపాటి. "ఒక్కడనే పెట్టుకొందునా, మరొకరిని కలుపుకొందునా?" అను ప్రశ్నకు తొందరపడి బదులు చెప్పరాదు.

ఒంటరి వ్యాపారమున నిర్ణయము, లాభము, నష్టము అన్నియు ఒకనివే. లోటు పెట్టుబడి ఒక్కటే అయినచో అప్పు మేలు. అప్పు తీరిన నాటితో ఋణదాత సంబంధము తీరును; భాగస్వామి వాటా వ్యాపారమున్నంత కాలము నిలుచును. మర నడుపు నేర్పుగాని, లెక్కలు వ్రాయు శక్తిగాని తనకు లేనప్పుడు అవి గల భాగస్వామి అవసరము.

అయితే 1932వ సంవత్సరపు భారత భాగస్వామ్య చట్టమును మరువరాదు. వేరు ఒప్పందము లేనియెడల, ఎవరి పెట్టుబడి ఎంతయైనను లాభనష్టములు సమానముగా పంచుకొనవలెను. వ్యాపారము కొరకు ఒకరు చేసిన అప్పునకు రెండవవాని సొంత పొలము కూడ పోవచ్చును. రిజిస్టరు కాని సంస్థ, తనకు రావలసిన బాకీలకై బయటివారిపై దావా వేయుట సాధారణముగా సాధ్యపడదు.

కావున పెట్టుబడి, పని, వాటా, విడిపోవు విధము ఈ నాలుగును ముందే పత్రముపై వ్రాసి, సంతకములు చేసి, సంస్థను రిజిస్టరు చేయించుకొనుడని సభ్యులు బోధింపవలెను. అన్నదమ్ములైనను, ప్రాణమిత్రులైనను ఈ పత్రము వారి నడుమ అపనమ్మకమునకు గుర్తు కాదు, స్నేహమునకు కాపు.