అమ్మానాన్నల నిద్ర లెక్క



పిల్లలు ఎన్ని గంటలు పడుకోవాలని పేరెంట్స్ మీటింగ్‌లో మీరు తరచూ అడుగుతుంటారు. మీరెన్ని గంటలు పడుకుంటున్నారని మేం అడగం. ఈ నెల పాఠం దాని మీదే.

పెద్దలకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్య నిపుణుల సంఘాలు 2015లో సిఫారసు చేశాయి. మన గోదావరి జిల్లాల్లో ఆ 7 దొరకడమే కష్టం. భీమవరం వైపు రొయ్యల చెరువున్న నాన్నగారినే తీసుకోండి. పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే ఆ పని ఆగిపోతుంది, పీల్చుకోవడం మాత్రం ఆగదు. అందుకే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే పంట దక్కదు. ఇక ఆయనకు కంటి నిండా నిద్ర ఎక్కడిది? కోనసీమలో కువైట్ ఫోను కోసం మేలుకునే అమ్మగారిది ఇంకో లెక్క. అక్కడ రాత్రి 9 అంటే ఇక్కడ 11.30. మళ్లీ 5 గంటలకు లేచి క్యారేజీలు కట్టాలి.

జీవన నాణ్యతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర 26 ప్రశ్నల పత్రం ఒకటుంది. శరీరం, మనసు, మనుషులతో సంబంధాలు, పరిసరాలు అని నాలుగు భాగాలు. నిద్ర మీద తృప్తి గురించి అందులో నేరుగా ఒక ప్రశ్న ఉంది. నన్నడిగితే నిద్ర మిగతా ప్రశ్నల్లోకీ దూరుతుంది: పనిచేసే ఓపిక, ఏకాగ్రత, దిగులు, ఇంట్లోవాళ్లతో మాట తీరు. రాత్రి 8.30కి హోంవర్క్ దగ్గర ఒక్క తప్పుకే మీ గొంతు లేస్తోందంటే, ఆ సమస్య మ్యాథ్స్‌ది కాకపోవచ్చు.

“నాకు 6 గంటలు చాలు, అలవాటైపోయింది” అనేవారు మనలో చాలామంది. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. రెండు వారాలపాటు రోజూ 6 గంటలే పడుకున్నవారి చురుకుదనం, ఒక రాత్రంతా నిద్ర లేనివారి స్థాయికి దిగజారింది. అసలు చిక్కేమిటంటే, తాము అంత తగ్గిపోయామని వాళ్లకే తెలియలేదు.

ఇదే మనిషి స్టీరింగ్ పట్టుకుంటే? 17 గంటలు మేలుకుని ఉన్నవారి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవారితో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన చట్టం హద్దు 30. పొద్దున 5కి లేచినవారికి ఆ 17 గంటలు రాత్రి 10కే నిండుతాయి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కారులో ఎప్పుడు బయలుదేరతామో గుర్తుచేసుకోండి! మన హైవేల మీద అర్ధరాత్రి దాటాక పోలీసులు బళ్లు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగిస్తుంటారు. మంచి పనే. కానీ ఆ చన్నీళ్ల ప్రభావం కాసేపే. బండి పక్కన పెట్టి 20 నిమిషాలు కునుకు తీయడం అంతకంటే మేలు.

అలాగని ఎక్కువ పడుకుంటే ఎక్కువ మేలనీ కాదు. రోజూ 9 గంటలు దాటి పడుకునేవారిలోనూ ఆరోగ్యం, తృప్తి తక్కువగా ఉన్నట్టు సర్వేల్లో కనిపిస్తుంది. ఇక్కడ తొందరపడి నిద్రను తప్పుపట్టకూడదు. డిప్రెషన్, థైరాయిడ్ లాంటివి ఉన్నవారు ఎక్కువ పడుకుంటారు, అంటే చాలాసార్లు జబ్బే ముందు, నిద్ర తర్వాత.

ఈ రెండు వారాలు మీ పిల్లల చేత మీ నిద్ర లెక్క రాయించండి. పడుకున్న టైము, లేచిన టైము, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, మర్నాడు సాయంత్రం మీ మూడ్‌కు 5కి ఎన్ని మార్కులు. గ్రాఫ్ వాళ్లే గీస్తారు. చెరువు దగ్గర కాపలా తప్పనివారు మధ్యాహ్నం కునుకునూ కలపండి, అదీ లెక్కే.

8 గంటలు పడుకున్నా పగలు తూలుతున్నవారు, గురక మధ్యలో ఊపిరాగి ఉలిక్కిపడేవారు మాత్రం గంటలు పెంచుకుంటూ కూర్చోకుండా డాక్టరును కలవండి. గురక పెట్టేవారికి అది తెలియదు. పక్కనున్నవారే చెప్పాలి.