మీ తాతగారి కథ ఎవరు వ్రాస్తారు?

(ఆరు, ఏడు, ఎనిమిదవ తరగతుల పిల్లలతో జీవితచరిత్ర పాఠము)

ఈ పాఠము ముందుగా పెద్దలు చదువుకొని, తరువాత పిల్లలతో చేయించుటకు సిద్ధపరచినది. దీనికి ఆరు వారములు పట్టును. కావలసినవి మూడే: ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, మాట్లాడుటకు ఓపిక గల ఒక పెద్ద మనిషి.

1. ఈ పాఠము ఎందుకు?

మన సంఘములలో వృద్ధులు ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు భూస్థాపన కూడికలో ఒక చిన్న కాగితము చదువుతారు. ఫలానా సంవత్సరములో పుట్టారు, ఫలానా సంవత్సరములో బాప్తిస్మము పొందారు, ఇంతమంది పిల్లలు, ఇంతమంది మనుమలు, మంచి ప్రార్థనాపరులు. అయిదు నిమిషములలో అయిపోవును. పేరు మార్చితే ఆ కాగితము మరొకరికి కూడ సరిపోవును. ఆయన ఏ రైలెక్కి ఈ ఊరు వచ్చారు, మొదటి జీతము ఎంత, ఎవరి ఇంటి అరుగు మీద పడుకున్నారు, భాష తెలియని ఊరిలో మొదట నేర్చుకున్న మాట ఏది అన్నవి అందులో ఉండవు. అవి తెలిసిన మనిషి పెట్టెలో ఉన్నాడు. ఇక అడుగుటకు వీలులేదు.

మరొక ప్రక్క పిల్లలను చూడండి. బెంగుళూరులో కన్నడము, చెన్నైలో తమిళము, బరంపురములో ఒడియా, షోలాపురములో మరాఠీ, అన్ని చోట్ల ఇంగ్లీషు. ఇంటిలో తెలుగు మాట్లాడుతారు గాని తెలుగు వ్రాయుటకు వారికి అవసరము కనబడదు. "తెలుగు నేర్చుకో" అని వందసార్లు చెప్పినా కదలని పిల్లవాడు, "మీ అమ్మమ్మ చెప్పినది మరచిపోకముందే వ్రాసిపెట్టు" అంటే కదులును. అమ్మమ్మ మాట తెలుగులో ఉన్నది గనుక దానిని తెలుగులోనే వ్రాయవలెను. ఈ రెండు అవసరములను ఒకే పని తీర్చగలదు. అందుకే ఈ పాఠము.

పదకొండు నుండి పదునాలుగు ఏండ్ల వయస్సు దీనికి తగినది. అంతకంటె చిన్నవారు కథ విని సంతోషింతురు గాని ప్రశ్న వేయలేరు. అంతకంటె పెద్దవారికి పదవ తరగతి పరీక్షలు మీదపడును.

2. జీవితచరిత్ర అనగా ఏమి?

ఒకరి జీవితమును మరొకరు వ్రాస్తే అది జీవితచరిత్ర. తన జీవితమును తానే వ్రాసుకుంటే అది స్వీయచరిత్ర. కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848-1919) తన జీవితమును తానే తెలుగులో వ్రాసుకున్నారు. గుఱ్ఱము జాషువాగారు (1895-1971) తన కథను పద్యములలో చెప్పుకున్నారు.

జీవితచరిత్ర వేరు, పొగడ్త వేరు. సన్మాన పత్రములో మనిషికి తప్పులుండవు, భయముండదు, సందేహముండదు. జీవితచరిత్రలో ఉంటాయి. లూకా తన సువార్తను ఆరంభించుచు, కన్నులార చూచినవారి మాటలను ఆధారము చేసుకొని, అన్నిటిని తరచి పరిశోధించి వరుసగా వ్రాయుచున్నానని చెప్పెను. అడుగుట, సరిచూచుట, వరుసగా వ్రాయుట: ఈ మూడు పనులను పిల్లలచేత బోర్డు మీద వ్రాయించండి.

3. ముందు చదువుట

వ్రాయుటకు ముందు ఒక జీవితమును చదువవలెను. మన వారందరికి పేరు తెలిసిన జాన్ ఎవరెట్ క్లౌగారిని తీసుకొందము. పిల్లలకు ఈ సంగతులు చెప్పండి.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో పుట్టారు. యౌవనములో భూములు కొలిచే సర్వే పని నేర్చుకున్నారు. 1865లో మన దేశమునకు వచ్చి, మరుసటి సంవత్సరము ఒంగోలులో స్థిరపడ్డారు. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతట భయంకరమైన కరవు వచ్చినది. అప్పుడు ప్రభుత్వము బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండగా, ఆయన మూడున్నర మైళ్ళ పనిని కంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. కరవు సాగిన నెలలలో బాప్తిస్మములు ఇచ్చుట ఆపివేశారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆయన 1910లో అమెరికాలో మరణించారు.

ఇప్పుడు పిల్లలను ఈ నాలుగు ప్రశ్నలు అడుగండి.

మొదటిది: చిన్నప్పుడు నేర్చుకున్నది పెద్దయ్యాక ఎక్కడ పనికి వచ్చినది? సర్వే పని తెలియనివాడు కాలువ కంట్రాక్టు తీసుకోగలడా? జీవితచరిత్ర చదివే వారు ఇటువంటి ముడులను వెదకవలెను.

రెండవది: బాప్తిస్మములు ఎందుకు ఆపివేశారు? జవాబు వెంటనే చెప్పకండి. పిల్లలను మాట్లాడనివ్వండి. కూలి కోసము, తిండి కోసము ఎవరు సంఘములో చేరకూడదన్నది కారణము. ఒక మనిషి ఏమి చేశాడన్నది తేదీ చెప్పును. ఎటువంటివాడన్నది ఇటువంటి నిర్ణయము చెప్పును.

మూడవది: ఆ దినమున బాప్తిస్మమిచ్చినది ఎవరు? "క్లౌ దొరగారు" అని పిల్లలు అంటారు. చాలమంది పెద్దలు కూడ అట్లే అంటారు. నీళ్ళలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు అభిషేకము పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలసిపోగానే మరి ఇద్దరు దిగారు. విన్న సంగతిని సరిచూడకపోతే ఆరుగురు మన మనుష్యులు కథలో నుండి జారిపోతారు.

నాలుగవది: ఈ కథలో ఎవరి పేరు లేదు? కాలువలో మట్టి మోసిన స్త్రీల పేర్లు లేవు. చెన్నైలో ఉన్న పిల్లలు బకింగ్‌హాము కాలువను దాటి బడికి వెళ్ళుచుందురు. ఆ కాలువ తమిళనాడులోని మరక్కాణము వరకు పోవును. దానిని త్రవ్విన చేతులు ఎవరివో ఏ ఫలకము మీద లేదు. ఈ మాట దగ్గర ఒక నిమిషము ఆగండి.

తరువాత ఆయన స్వీయచరిత్ర సంగతి చెప్పండి. అది ఆయన స్వహస్తముతో వ్రాసినది కాదు. వృద్ధాప్యములో ఆయన చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌగారు వ్రాశారు. ఆయన మరణించిన నాలుగేండ్లకు, 1914లో అది అచ్చయినది. ఎమ్మాగారే అంతకు ముందు 1899లో మాదిగ పెద్దలు చెప్పిన కథలతో ఒక పుస్తకము తెచ్చారు. యెఱ్ఱగుంట్ల పేరయ్యగారివంటి మొదటి బోధకుల జీవితములు ఈనాడు మనకు తెలియుటకు అటువంటి పుస్తకములు కారణము. ఒకరు చెప్పారు, ఒకరు అడిగి వ్రాశారు. మన పిల్లలు చేయబోవునది ఆ పనియే.

మీ ఊరికి దగ్గరగా ఉండే జీవితములను కూడ చదివించవచ్చును. ఒడిశాలోని వారికి, బరంపురములో 1894లో పుట్టి 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరిగారు ఉన్నారు. చెన్నైవారికి, ఆ నగరములోనే 1901లో పుట్టి, 1952లో అక్కడే 58 దినములు నిరాహారదీక్ష చేసి మరణించిన పొట్టి శ్రీరాములుగారు ఉన్నారు. యానాంవారికి, 1954లో ఫ్రెంచివారి పాలన తొలగించుటకు పోరాడిన దడాల రఫేల్ రమణయ్యగారు ఉన్నారు.

4. ఎవరిని గూర్చి వ్రాయవలెను?

ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడు సంఘములోని ఒక పెద్దను ఎన్నుకొనవలెను. ఆ పెద్ద పాస్టరుగాని డీకనుగాని కానక్కరలేదు. కోలారు బంగారు గనిలో దిగినవారు, షోలాపురములో మగ్గము నేసినవారు, బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లి, రైల్వేలో గాంగుమనిషిగా చేసినవారు, ఇండ్లలో పని చేసిన అవ్వ, వీరందరు తగినవారే. "నాదేముందమ్మా వ్రాయడానికి" అని స్త్రీలు అంటారు. అట్లు అన్నవారి దగ్గరకే ముందుగా వెళ్ళండి.

5. అడుగుట

"తాతయ్యా, మీ జీవితము గురించి చెప్పండి" అని అడిగితే తాతయ్య "ఏముందిరా, కష్టపడ్డాము, దేవుడు నడిపించాడు" అంటారు. అంతటితో మాట ఆగిపోవును. చిన్న ప్రశ్నలు వేయవలెను. "మీరు ఈ ఊరు వచ్చిన రోజు మీ చేతిలో ఏమున్నది?" "మొదటి రాత్రి ఏమి తిన్నారు?" "ఇక్కడి భాష మీకు ఎవరు నేర్పారు?" "తిరిగి వెళ్ళిపోదామని ఎప్పుడైనా అనుకున్నారా?" ఇటువంటి ప్రశ్నలు పది ముందుగానే వ్రాసుకొని వెళ్ళవలెను. పెద్దలు జవాబు చెప్పుచుండగా మధ్యలో అందుకోకూడదు. అనుమతి అడిగి సెల్‌ఫోనులో రికార్డు చేసుకోవచ్చును. అయినను నోటుపుస్తకములో కూడ వ్రాసుకొనవలెను.

పెద్దలలో చాలమందికి తమ పుట్టిన సంవత్సరము తెలియదు. అందరికి తెలిసిన ఒక సంఘటనను పట్టుకొని లెక్క కట్టవలెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. 1954లో యానాం ఫ్రెంచివారి నుండి భారతదేశము చేతికి వచ్చినది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినది. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతములో భూకంపము, 1999 అక్టోబరులో ఒడిశా తుఫాను, 2001లో కోలారు గనుల మూత, 2004 డిసెంబరు 26న సునామీ. అమ్మమ్మ "ఉప్పెన నాటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు" అంటే పెళ్ళి 1975 ప్రాంతములో జరిగినదని పిల్లలే కనుగొందురు.

6. సరిచూచుట

మన సంఘములలో ఇందుకు మంచి సాధనములు ఉన్నవి. బాప్తిస్మపు రిజిస్టరు, పెండ్లి రిజిస్టరు, పాత మినిట్సు పుస్తకములు, మందిరపు శంకుస్థాపన ఫలకము. పాస్టరుగారు గాని కార్యదర్శిగారు గాని దగ్గర కూర్చుండి చూపించవలెను. ఇంటిలో పాత బైబిలు అట్టలోపల పుట్టిన తేదీలు వ్రాసి ఉండవచ్చును. తాతయ్య చెప్పిన సంవత్సరము, రిజిస్టరులోని సంవత్సరము వేరైతే రెండింటిని వ్రాయవలెను. తాతయ్యను తప్పుపట్టకూడదు, రిజిస్టరును దాచకూడదు.

7. వ్రాయుట

ముందు చిత్తుప్రతి, తరువాత సాపుప్రతి. తెలుగు అక్షరములు రానివారు చిత్తుప్రతిని తమకు వచ్చిన లిపిలోనే వ్రాసుకొని, సాపుప్రతిని పెద్దల సహాయముతో తెలుగులో వ్రాయవలెను. తప్పులు దిద్దండి గాని అవ్వ మాటను దిద్దకండి. ఆమె మాటలో తమిళము, కన్నడము కలిసి ఉంటే అదియు ఆమె చరిత్రయే.

"మా తాతయ్య చాల కష్టపడి పని చేశారు" అనే వాక్యము ఎవరినిగూర్చియైనా వ్రాయవచ్చును. "మా తాతయ్య తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, చద్దన్నము మూట కట్టుకొని, చెప్పులు అరిగిపోవునని చేత పట్టుకొని నడిచేవారు" అంటే ఆ మనిషి మన కండ్లకు కనబడును. కష్టమనే మాటను వాడకుండ కష్టమును చూపించుమని పిల్లలకు చెప్పండి.

8. చెప్పకూడనివి, దాచకూడనివి

ఇది ఈ పాఠములో అన్నిటికంటె కష్టమైన భాగము. పెద్దలు మాటలలో పడి అప్పులు, త్రాగుడు, అన్నదమ్ముల తగవు, కులము పేరున పొందిన అవమానము కూడ చెప్పుదురు. ఏది వ్రాయవలెనో ఏది వ్రాయకూడదో నిర్ణయించు హక్కు ఆ పెద్దదే. "ఇది వ్రాయవద్దు నాన్నా" అంటే ఆ పుటను చింపివేయవలెను. బ్రతికియున్న ఇతరులను నొప్పించునది వారి పేరుతో వ్రాయకూడదు. అయితే వదలివేసిన చోట లేని గొప్పతనమును చేర్చకూడదు. త్రాగుడు మానిన మనిషిని గూర్చి "ఎన్నడు త్రాగలేదు" అని వ్రాస్తే, మానుటకు అతడు పడిన పాటు కూడ కొట్టుకుపోవును. దావీదు పాపమును బైబిలు దాచలేదని పిల్లలకు గుర్తుచేయండి.

9. ఆరు వారముల క్రమము

మొదటి వారము క్లౌగారి జీవితము, నాలుగు ప్రశ్నలు. రెండవ వారము పెద్దను ఎన్నుకొనుట, పది ప్రశ్నలు వ్రాసుకొనుట. మూడవ వారము ఇంటికి వెళ్ళి అడుగుట. ఒక్కసారి చాలదు, రెండుసార్లు వెళ్ళవలెను. నాలుగవ వారము రిజిస్టర్లు చూచుట, చిత్తుప్రతి. అయిదవ వారము ఆ పెద్దకు చదివి వినిపించి దిద్దించుకొనుట. ఆరవ వారము సాపుప్రతి; పెద్ద ఒప్పుకుంటే సంఘములో చదువుట. రెండు మూడు పుటలు చాలును. ఒక ప్రతి ఆ ఇంటికి ఇచ్చి, రెండవ ప్రతిని మందిరపు బీరువాలో రిజిస్టర్ల ప్రక్కన ఉంచవలెను.

10. చర్చకు ప్రశ్నలు

అ) మన సంఘములో అందరికంటె పెద్ద వయస్సు గలవారు ఎవరు? వారి కథ ఎవరైనా వ్రాశారా?

ఆ) ఒకరిని ప్రేమించుచు వారిని గూర్చి నిజము వ్రాయుట సాధ్యమా? ఎట్లు?

ఇ) మన మందిరము కట్టిననాడు ఇటుకలు మోసినవారి పేర్లు ఎక్కడైనా ఉన్నవా? లేకపోతే ఎవరిని అడుగవలెను?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ప్రతి సంఘములో ఇద్దరో ముగ్గురో మాత్రమే మిగిలి ఉందురు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత పిల్లలను వారి ప్రక్కన కూర్చుండబెట్టండి.