నాలుగేళ్లని చెప్పి వచ్చేశాను

మొన్న శుక్రవారం పాదగయ గుడి ముందు పూలు కొంటుంటే మా వీధి వదినగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "మా పిల్ల నర్సింగ్ చదువుతానంటోందమ్మా. డిగ్రీ చేతికి రావడానికి ఎన్నేళ్లు పడుతుంది?" అని. నాలుగేళ్లండీ అనేసి వచ్చాను గానీ, ఇంటికొచ్చాక మనసొప్పలేదు. సగమే చెప్పాననిపించింది. మిగతాది నీకు చెబుతా, కూర్చో చెల్లీ.

ఇంటర్ బైపీసీ అయ్యాక బీఎస్సీ నర్సింగ్‌లో చేరితే నాలుగేళ్లే, ఎనిమిది సెమిస్టర్లు. చివరి సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్పు, 22 వారాలు. కానీ ఆ నాలుగేళ్లూ మిగతా డిగ్రీల్లా గడిచేవి కావు. పరీక్షకి కూర్చోవాలంటే 80 శాతం హాజరు చాలు. పట్టా కావాలంటే మాత్రం వార్డు డ్యూటీ నూటికి నూరూ పూర్తవ్వాల్సిందే.

మా అక్క కూతురు కాకినాడలో చదివింది. బాబాయి కూతురి పెళ్లికని నాలుగు రోజులు డ్యూటీ మానేసింది. అవి సంక్రాంతి సెలవుల్లో తీర్చాల్సొచ్చింది. ఇంటినిండా అరిసెల పాకం వాసన, అది మాత్రం చీకటితోనే లేచి, యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, జుట్టు ముడేసి, దానిమీద నెట్ బిగించి బస్సెక్కింది. మా అక్క గుమ్మంలోనే కళ్లొత్తుకుంది. సాయంత్రం వచ్చి, కాళ్లు చాపుకుని అరిసె తుంచుతూ అంది: "పిన్నీ, ఇవాళ నేను నాడి చూసి చెప్తే సిస్టరుగారు మళ్లీ చూడలేదు. అలాగే రాసేసుకున్నారు." దాని మొహం నాకింకా కళ్లముందే ఉంది. ఆ నమ్మకం రావడానికే అన్నేళ్లు చెల్లీ.

ఇంకో దారుంది. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా, మూడేళ్లు. దానికి బైపీసీయే కానక్కర్లేదు, వేరే గ్రూపు వాళ్లూ చేరొచ్చు. అదయ్యాక నర్సుగా రిజిస్టరై, రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సు చేస్తే బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ వచ్చేస్తుంది. మొత్తం అయిదేళ్లు. ఏడాది ఎక్కువే, కాదనను. కానీ మూడేళ్లకే జీతం మొదలవుతుంది. తమ్ముడి ఫీజు కట్టి, ఇంటి అప్పు కాస్త తీర్చి, తర్వాత డిగ్రీకి వెళ్లొచ్చు. "డిప్లొమానా?" అని తేలిగ్గా మాట్లాడేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. కెనడా బాప్టిస్టులు పెట్టిన మన ఊరి మిషన్ ఆస్పత్రిలో సిస్టర్లను చూస్తూ పెరిగినవాళ్లం మనం. సూది నొప్పి తెలియకుండా వేసిన చేతిని ఏం చదివావని ఎవరడిగారు?

ఏ దారైనా ఒకటి మర్చిపోకు. డబ్బు కట్టకముందే నర్సింగ్ కౌన్సిల్ అనుమతి, డిగ్రీకైతే విజయవాడ హెల్త్ యూనివర్సిటీ అఫిలియేషన్ ఉన్నాయో లేదో కాలేజీ వాళ్లని కాగితం చూపించమను. "వచ్చేస్తుందండి" అన్న మాట నమ్మి ఏడాది పోగొట్టుకున్న పిల్ల నాకు తెలుసు. పట్టా వచ్చాక కూడా కౌన్సిల్లో పేరు నమోదైతేనే స్టాఫ్ నర్సు. ఆ తిరుగుడు కూడా లెక్కలో వేసుకోవాలి.

వచ్చే శుక్రవారం వదినగారు మళ్లీ కనబడతారు. ఈసారి ఏళ్లు చెప్పకముందు నేనే అడుగుతా: పిల్లది ఇంటర్‌లో ఏ గ్రూపండీ? ఇల్లు ఎవరి జీతం మీద నడుస్తోంది?