పైపులు అతికించు సొల్యూషన్ - రైతులు తీసుకొనవలసిన జాగ్రత్తలు

బోరుబావి నుండి చేనికి నీరు తెచ్చుటకును, డ్రిప్పు వేయుటకును, పంచాయతీ ట్యాంకు నుండి వీధి కుళాయిలకు నీరు పంపుటకును నేడు పి.వి.సి. పైపులే ఎక్కువగా వాడుకలో ఉన్నవి. వీటిని అతికించు జిగురును కొందరు గమ్ అనియు, కొందరు సొల్యూషన్ అనియు పిలుతురు. చిన్న డబ్బా, స్వల్పమైన ధర. పురుగుమందు డబ్బాను చూచి భయపడువారు సైతము దీనిని దీపము ప్రక్కన పెట్టుటకు వెనుదీయరు.

ఇది మామూలు గోందు వంటిది కాదు. పి.వి.సి. పదార్థమును టెట్రాహైడ్రోఫ్యూరాన్, మిథైల్ ఇథైల్ కీటోన్, సైక్లోహెక్సనోన్ వంటి ద్రావకములలో కరిగించి దీనిని తయారు చేయుదురు. ఏది ఎంత పాలు అనునది తయారీదారును బట్టి మారును. ద్రావకము పైపు కొనను, సాకెట్టు లోపలి గోడను మెత్తబరచగా రెండును ఒకటిగా కలిసిపోవును. పిమ్మట ద్రావకము ఆవిరైపోవును. అనగా మీరు కొన్న దానిలో చాలా భాగము గాలిలో కలియవలసినదే. నిప్పు తగిలిన అంటుకొనునది ఆ ఆవిరియే. మంటకు సంబంధించినంత వరకు దీనిని కిరసనాయిలుతో గాక పెట్రోలుతో పోల్చుకొనవలెను. టెట్రాహైడ్రోఫ్యూరాన్ సున్నాకు దిగువ 14 డిగ్రీల చలిలో సైతము మండగల ఆవిరిని విడుచును. గాలిలో నూటికి 2 పాళ్ళు కలిసిన చాలును.

ఈ ఆవిరి గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువు గలది. కనుక అది పైకి పోక నేలబారున ప్రాకి గోతులలోను, మోటారు గదిలోను, బావి అడుగునను నిలుచును. దూరమున ఉన్న బీడీ నిప్పును చేరి, అక్కడ అంటుకొని, మంట వెనుకకు డబ్బా వద్దకు రావచ్చును.

పల్లెలలో వరిగడ్డి మంటపై పైపు కొనను కాచి వెడల్పు చేసి, ఆ వేడిమీదనే జిగురు పూయు అలవాటు కలదు. ఇంతకంటె ప్రమాదకరమైన పద్ధతి లేదు. మాడిన పి.వి.సి. నుండి గొంతును మండించు ఆమ్లపు పొగ కూడ వచ్చును. కప్లింగులు దుకాణములో దొరకుచున్నవి. వానినే కొని వాడుడు. కాచక తప్పని చోట కాచు పనినంతను ముగించి, మంటను పూర్తిగా ఆర్పి, పైపులు చల్లారిన పిమ్మటనే డబ్బా మూత తీయవలెను.

మోటారు గదిలో పని యున్నచో ముందుగా మెయిను ఆపి, ఫ్యూజులు తీసి, తలుపులు తెరచి ఉంచుడు. ఆటో స్టార్టరు విషయములో మరచిపోరాదు: కరెంటు రాగానే అది తనంతట తానే మోటారును నడుపును, ఆ క్షణమున నిప్పురవ్వ పుట్టును. గదిలో వాసన నిండిన తరువాత స్విచ్చు వేయుటయే కాదు, తీయుటయు కూడదు.

బావిలో దిగి అతికించు పని సాధ్యమైనంత వరకు మానుడు. గట్టుమీదనే అతికించి, ఆరిన తరువాత దింపి, అడుగున మర జాయింటు బిగించుకొనవచ్చును. వెలుగుచున్న దీపమును దింపి బావిలో గాలి మంచిదో కాదో చూచుట పెద్దల నాటి పద్ధతి. ద్రావకపు ఆవిరి యున్న బావిలో ఆ దీపమే మంటకు కారణమగును. దిగక తప్పనిచో దిగువాని నడుమునకు మోకు కట్టి, గట్టుపై ఇద్దరు బలమైనవారు ఉండవలెను. తలనొప్పి, కళ్ళు తిరుగుట, కల్లు త్రాగినవానివలె మాట తడబడుట కనిపించిన వెంటనే పైకి లాగవలెను. పడిపోయినవానికొరకు రెండవవాడు దిగరాదు. ముక్కునకు కట్టిన తువాలు ఈ ఆవిరిని ఆపలేదు. మోకుతో లాగుట సాధ్యము కానిచో 101 లేక 112 కు ఫోను చేసి అగ్నిమాపక దళమును పిలువుడు.

డబ్బా అంటుకొన్నచో దానిని ఎత్తుకొని పరుగెత్తకుడు. చేతులు, బట్టలు కాలుట తరచుగా అందువలననే. మంట చిన్నదైనచో రేకుతో మూయుడు, లేదా పొడి ఇసుక పోయుడు. బిందెతో నీరు గుమ్మరించిన మండుచున్న ద్రవము చిందును. మంట గదికి వ్యాపించినచో మనుషులను బయటికి పంపి దూరముగా నిలువుడు. బట్టలు అంటుకొన్నవానిని పడుకొనబెట్టి దొర్లించి, నూలు దుప్పటి కప్పవలెను. కాలిన చోట 20 నిమిషములు చల్లని నీరు పారనిచ్చి 108 ను పిలువుడు. పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయకుడు.

కంటిలో పడినచో 15 నిమిషములు మంచినీటితో కడిగి వైద్యుని వద్దకు పోవలెను. చర్మమునకు అంటినదానిని సబ్బుతో కడుగుడు, పెట్రోలుతో కాదు. పిల్లలు త్రాగినచో చింతపండు నీళ్ళు, ఉప్పునీళ్ళు పోసి కక్కింపరాదు. కక్కునప్పుడు ద్రవము ఊపిరితిత్తులలోనికి పోయి మరింత కీడు చేయును. డబ్బాను వెంట తీసుకొని ఆసుపత్రికి పొండు.

నిలువ విషయము కొద్దియే. పనికి సరిపడు చిన్న డబ్బా కొనుడు. మూత బిగించి, వంటయిల్లు, ఎండ, పిల్లలు లేని చోట ఉంచుడు. కూల్‌డ్రింకు సీసాలో పోయరాదు. చిక్కబడినదానిని వేడిచేసి గాని, పెట్రోలు కలిపి గాని పలుచన చేయరాదు; అట్టి జిగురుతో అతుకు నిలువదు.

అతికించిన పైపుల కొనలు వెంటనే మూయక గాలి ఆడనిండు. సామాన్యముగా 24 గంటలు, లేదా డబ్బాపై వ్రాసిన గడువు, గడచిన తరువాతనే నీటి ఒత్తిడి పెట్టవలెను. త్రాగునీటి పైపులైనచో గ్రామాధికారులు మొదట వచ్చు నీటిని, వాసన పోవు వరకు, బయటికి వదలించి ఆ తరువాతనే కుళాయిలు తెరువనీయవలెను.