లోపలి తలుపులకు చెక్కరంగు వేయించుటకు ముందు

పంచాయతీ కార్యాలయమునకో, అంగన్‌వాడీ కేంద్రమునకో, గ్రంథాలయమునకో మరమ్మతులు తలపెట్టినపుడు సభ్యుల దృష్టి మొదట కప్పు మీదను, గోడల మీదను పడును. లోపలి తలుపుల వంతు చివరకు వచ్చును. అప్పటికి పద్దులోని సొమ్మును, పెద్దల ఓపికయు సన్నగిల్లియుండును. పాత రంగుపై ఇంకొక పూత కొట్టించి పని అయినదనిపించుట, లేదా ఆ తలుపును ఊడదీసి పాత సామానువానికి అమ్మి రేకు తలుపు తెచ్చి పెట్టుట, ఈ రెండింటిలో ఏదో ఒకటి జరుగుచుండును. రెండును నష్టపు బేరములే.

ఈ వ్యాసము పల్నాడు జిల్లా వెల్దుర్తి మండలపు గ్రామములను దృష్టియందుంచుకొని వ్రాయబడినది. (కర్నూలు జిల్లాలో ఇదే పేరుగల మండలము వేరొకటి కలదు. అచ్చటి సభ్యులకును ఇందలి విషయములు పనికివచ్చును.) నల్లమల అంచులకు చేరువనున్న ఈ ప్రాంతపు పాత కట్టడములలో టేకు, ఏగిస, మద్ది, వేప, తుమ్మ చెక్కల తలుపులు ఇప్పటికిని కనబడుచున్నవి. ఆ అడవిలో పెద్ద భాగము 1983 నుండి పులుల సంరక్షణ పథకము క్రింద ఉన్నది. అందలి చెట్టు ఊరి అవసరమునకు నరకుట నేడు సాధ్యము కాదు. కనుక పదిపూతల ఇనామిలు క్రింద మరుగుపడియున్న పాత టేకు తలుపు పంచాయతీకి తిరిగి దొరకని ఆస్తి. దాని చెక్కను బయటకు తెచ్చి, రంగు పట్టించి, వార్నిషు వేసినచో చిరకాలము నిలుచును.

ఇనామిలు రంగునకును చెక్కరంగునకును గల భేదమును సభ్యులు ముందుగా గ్రహింపవలెను. ఇనామిలు చెక్కను కప్పివేయును. క్రింద గల గీతలు, మరకలు, లప్పము అన్నియు దాని చాటున దాగును. పనివారు స్టెయిన్ అని పిలుచు చెక్కరంగు అట్లు కాదు. అది చెక్కలోనికి ఇంకును. చెక్క ఎక్కడ నునుపుగా ఉన్నదో అక్కడ లేతగను, ఎక్కడ గరుకుగా ఉన్నదో అక్కడ ముదురుగను పట్టును. జిగురుచుక్క పడిన చోట అసలు పట్టదు. అడ్డముగా రుద్దిన గీత ఒక్కటి ఉన్నను, రంగు వేసిన పిదప అది నల్లని చారయై కనబడును. తప్పును దాచుటకు బదులు చాటించునది గనుకనే ఈ పనిలో రంగు వేయుటకంటె ముందు సిద్ధము చేయుటయే పెద్ద పని.

పాత రంగును తీయుటకు ముందు ఒక విషయము మిక్కిలి జాగ్రత్తగా ఆలోచింపవలెను. మన దేశమున ఇండ్లకు వాడు రంగులలో సీసము మిలియను పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని కేంద్ర ప్రభుత్వము 2016లో నియమము చేసినది. అది 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వము పూసిన రంగులలో, ముఖ్యముగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఇనామిళ్ళలో, సీసము ఎంతయో అధికముగా ఉండవచ్చును. పొడిగా రుద్దినచో ఆ సీసము ధూళియై నేలను, చాపలను, పిల్లల చేతులను చేరును. పిల్లల విషయమున ఇంత సీసము వరకు హాని లేదని చెప్పదగిన హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. అది బుద్ధి వికాసమును దెబ్బతీయును. పోయినది తిరిగి రాదు.

కనుక అంగన్‌వాడీ తలుపును ఆ గదిలోనే రుద్దించరాదు. బందుల మరమేకులు విప్పి, తలుపును పిల్లలు మసలని చోటికి తీసికొనిపోయి, క్రింద ప్లాస్టిక్ పట్టా పరచి, రంగును నీటితో తడుపుచు గీకించవలెను. మంటతో కాల్చి రంగును ఊడదీయుట కొందరు పనివారికి అలవాటు. సీసపు పొగ పీల్చుటకు అంతకంటె దగ్గర దారి లేదు. మూతికి కట్టుకొను తువాలు ఈ ధూళిని ఆపజాలదు; సన్నని ధూళిని ఆపు మాస్కును పనివానికి పంచాయతీయే ఇప్పించవలెను. గీకిన పెచ్చులను సంచిలో కట్టి, పిల్లలకును పశువులకును అందకుండ ఉంచి, మండలాధికారుల సలహాపై తీసివేయవలెను, పెంటకుప్పపై వేయరాదు. ద్వారబంధము గోడలోనే ఉండును గనుక దానిపై రంగు గట్టిగా అంటియున్నచో దానిని కదపక, పైన కొత్త పూత వేయించుటయే మేలు. ప్రతి తలుపునకును చెక్కరంగు వేయవలెనని పట్టుపట్టనక్కరలేదు.

కాస్టిక్ సోడాతో రంగును కరిగించుట చౌక. కాని అది టేకును నల్లబరచును. సరిగా కడగనిచో పిదప వేయు వార్నిషు నిలువదు. దానిని మానుటయే మంచిది.

ఇక కాలము. పలకల తలుపులో నడిమి పలక చట్రపు గాడిలో వదులుగా కూర్చబడియుండును. వానకాలమున ఉబ్బును, ఎండకాలమున ముడుచుకొనును. శ్రావణ భాద్రపదములలో రంగు వేసిన తలుపును చైత్ర వైశాఖములలో చూడుడు: పలక అంచున రంగు తగలని తెల్లని గీత చుట్టును కనబడును. పలక ముడుచుకొనియున్నపుడే రంగు వేసినచో ఈ లోపము రాదు. మన ప్రాంతమునకు మాఘ ఫాల్గుణములు తగిన కాలము. చెక్క ఆరియుండును, వడగాడ్పుల దుమ్ము ఇంకను మొదలై యుండదు.

గడియలు, గొళ్ళెములు, బందులు తీసిన తరువాత, పాత రంగు పోయిన చెక్కను గరుకు కాగితముతో రుద్దవలెను. మన ఊళ్ళలో దీనినే ఉప్పు కాగితమందురు. మొదట 80 సంఖ్య, పిదప 120, ఆ పిదప 180; ముందటి కాగితపు గీతలు పోయినవరకు తరువాతి దానికి పోరాదు. 80 తరువాత ఒక్కసారిగా 180 పట్టిన పనివాడు సమయము మిగుల్చుకొనును గాని గీతలు మిగిలిపోవును. అంతకంటె సన్నని కాగితముతో అద్దమువలె చేసినను నష్టమే. చెక్క రంగును పీల్చుకొనదు. రుద్దుట ఎల్లపుడును నార వెంబడినే జరుగవలెను. ముందు పలకలు, పిదప అడ్డపట్టెలు, చివరకు నిలువుపట్టెలు అను వరుసను పాటించినచో అతుకుల వద్ద పడిన అడ్డగీతలు నిలువుపట్టెలతో పాటు పోవును.

చిల్లులను పూడ్చుటకు సుద్దతో చేసిన లప్పము వాడరాదు. అది రంగు పీల్చదు. తలుపంతయు తెల్లని మచ్చలగును. అదే చెక్క రంపపుపొట్టును జిగురుతో కలిపి అదిమినచో కొంత మేలు. అయినను జిగురు చుట్టుప్రక్కల అంటకుండ తుడువవలెను.

చెక్కను బట్టి పద్ధతి మారును. టేకులో సహజమైన నూనె కలదు, వార్నిషు ఆరనీయదు. పూతకు ముందు స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడిచి, వెంటనే పని సాగింపవలెను. తుమ్మలో తోళ్ళు ఊనుటకు పనికివచ్చు వగరు పదార్థము హెచ్చు. తడిచెక్కకు ఇనుము తగిలినచో నల్లని మరక పడును. అట్టి తలుపును ఇనుపపీచుతో రుద్దరాదు. వేపచెక్కలో నార అటునిటు తిరిగియుండును గనుక చిత్రిక పట్టినపుడు పెచ్చులు లేచును. ఓర్పుతో కాగితమే వాడుట మేలు. మామిడిచెక్క రంగును మచ్చలు మచ్చలుగా త్రాగును. ముందుగా స్పిరిటులో పలుచగా కరిగించిన లక్క నొక పూత వేసి, ఆరిన పిదప తేలికగా రుద్దినచో రంగు సమముగా పట్టును.

నీటితో కలిపిన రంగు వాడదలచినచో చెక్కను ఒకమారు తడిగుడ్డతో తుడిచి ఆరనీయవలెను. నార లేచి గరుకగును. దానిని 180 కాగితముతో మరల రుద్దినచో రంగు వేసినపుడు తిరిగి లేవదు. తలుపు పై అంచును, క్రింది అంచును ఎవరును చూడరు. తేమ అక్కడినుండియే ఎక్కును గనుక వానిని కూడ సిద్ధపరచి పూత వేయించవలెను.

కలప పూతపనులకు ఐ.యస్. 2338 అను భారతీయ ప్రమాణము 1967లో వెలువడినది. దాని మొదటి భాగము పనితనమును గూర్చినదే. పంచాయతీరాజ్ ఇంజనీరుతో మాటలాడి అంచనాలో తలుపును సిద్ధము చేయు పనిని వేరు పద్దుగా వ్రాయించుకొనుడు. పూతలనే లెక్కించి డబ్బు ఇచ్చుచో గుత్తేదారు పూతలనే వేయును. రుద్దుట పూర్తియైన నాడు, రంగు డబ్బా మూత తీయకముందే, ఇద్దరు సభ్యులు పోయి చూచి సంతకము చేయవలెనని తీర్మానములో చేర్చుడు. రంగు పడిన పిదప చూచుట వలన ఫలము లేదు.

చూచు విధము కష్టమైనది కాదు. గదిని చీకటి చేసి, టార్చిలైటును తలుపునకు ప్రక్కగా, దాదాపు ఆనించి పట్టినచో అడ్డగీతలన్నియు నీడలు తీరి కనబడును. స్పిరిటు గుడ్డతో ఒకమారు తుడిచినచో జిగురుమరకలు లేతగా తేలును. అరచేతితో నార వెంబడి తడిమినచో, ఏ కాగితముతో పని ఆగిపోయినదో వడ్రంగి చెప్పకయే తెలియును. ఆ మీద తలుపు వెనుకవైపున జానెడు మేర రంగు వేయించి, ఒక పూట ఆరనిచ్చి చూచి అంగీకరింపుడు.

వార్నిషు పనిలో అవిసెనూనె వాడినచో, ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి మూలకు విసరనీయకుడు. అవి లోలోపల వేడెక్కి, నిప్పు తగులకయే మండగలవు. రికార్డులుండు కార్యాలయములో ఇది మరింత ప్రమాదము. గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరచి ఎండనిచ్చి, లేదా నీళ్ళడబ్బాలో ముంచి, ఆ సాయంకాలమే బయటికి పంపవలెను.